మన చిన్న కారు యంత్రము: దాని బలము, దాని జబ్బులు

గ్యాసుపొయ్యి మంట పసుపువన్నెకు తిరిగి గిన్నెలకు మసి పట్టించుచున్నచో, బర్నరు కన్నములు పూడినవని మనకు తెలియును. ప్రెషరు కుక్కరు కూత వేయక ప్రక్కనుండి ఆవిరి చిమ్మినచో, రబ్బరు చుట్టు సాగిపోయినదని తెలియును. ఇవి యెవ్వరును మనకు పాఠశాలలో నేర్పలేదు. నిత్యము చేతపట్టి వాడుటచేత వచ్చిన తెలివి యిది. కాని వాకిట నున్న కారు కదలకపోయినచో, పది సంవత్సరములుగా దానిని తామే నడుపుచున్న సోదరీమణులు సైతము ముందరి మూత యెత్తి చూచుటకు సంశయింతురు. మెకానిక్కు వచ్చి చెప్పినదే వేదము. అతడడిగినంత సొమ్ము చెల్లించుటయే మన పని. ఈ యజ్ఞానమునకు మేమును ఒకప్పుడు తగినంత వెల యిచ్చుకొంటిమి గనుక, ఆ సంగతిని ముందుకు చెప్పుదుము.

ఈ వ్యాసమునకు మేము మారుతి 800 అను కారు యంత్రమును ఎన్నుకొంటిమి. ఆ కారు తయారగుట 2014 జనవరిలోనే నిలిచిపోయినది. అయినను మన జిల్లాలలో నింకను తిరుగుచున్న బండ్లు కలవు. సంతలో చవుకగా దొరకుటచేత, నేర్చుకొనువారు దానినే కొందురు. ఎందఱో స్త్రీలు మొట్టమొదట స్టీరింగు పట్టినది దాని మీదనే. మఱియు నా యంత్రము తేటయైనది. మూత యెత్తినంతనే దాని యవయవములన్నియు కంటికి కనబడును. నేటి కార్లలోవలె నల్లని ప్లాస్టిక్కు మూతలు కప్పి యుండవు. దీనిని తెలిసికొన్నవారికి తక్కిన చిన్న పెట్రోలు కార్ల సంగతి ముప్పాతిక వంతు తెలిసినట్లే.

భారత ప్రభుత్వపు మారుతి ఉద్యోగ్ సంస్థయు జపానుదేశపు సుజుకి సంస్థయు 1982లో ఒడంబడిక చేసికొనినవి. 1983 డిసెంబరు 14వ తేదీని ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కారు తాళపుచెవులను కొన్నవారి చేతికిచ్చిరి. అప్పటినుండి మన దేశములో 25 లక్షలకు పైగా నీ కార్లు అమ్ముడుపోయినవి. పొగనుగూర్చిన కఠినమైన నిబంధనలు అమలునకు వచ్చుటచేత 2010 ఏప్రిలునుండి హైదరాబాదు మొదలైన 13 నగరములలో దీని యమ్మకము మానివేసిరి. ఈ యంత్రమే ఓమ్ని వ్యానులోను నుండెను. పాకిస్థానములో మెహ్రాను అను పేరుగల కారులో 2019 వరకు నిదే యంత్రము నడచినది.

దీని పేరు ఎఫ్ 8 బి. ఇందులో మూడు సిలిండర్లు వరుసగా నుండును. ఒక్కొక్క సిలిండరు అడ్డుకొలత 68.5 మిల్లీమీటర్లు, అందులో పిస్టను పైకి క్రిందికి కదలు దూరము 72 మిల్లీమీటర్లు. ఈ మూడింటి లోపలి చోటు కలిపి 796 ఘన సెంటీమీటర్లు, అనగా నొక్కొక్క దానిలో పెద్ద గ్లాసెడు మజ్జిగ పట్టును. ఆ కాలమున మన వీధులలో తిరిగిన అంబాసిడరు యంత్రము నాలుగు సిలిండర్లతో 1489 ఘన సెంటీమీటర్లది. ఫియట్ సంతతియైన ప్రీమియర్ పద్మిని యంత్రము 1089 ఘన సెంటీమీటర్లది. వానితో పోల్చిన నిది పసిబిడ్డ. దీని శక్తి సుమారు 39 గుఱ్ఱముల బలము మాత్రమే. అదియు యంత్రము నిమిషమునకు 5500 చుట్లు తిరిగినప్పుడు. తరువాత కార్బురేటరు తీసివేసి పెట్రోలును సూక్ష్మముగా చిమ్ము ఏర్పాటు పెట్టినప్పుడు 37 గుఱ్ఱముల బలమైనది. 2000 సంవత్సరమున పండ్రెండు వాల్వులతో 45 గుఱ్ఱముల బలముగల యంత్రము (ఎఫ్ 8 డి) కూడ వచ్చినది; ఆల్టో కారులో అది 2023 వరకు నుండెను.

ఇంత స్వల్పబలముతో నలుగురను మోసికొని కొండలెక్కుట యెట్లన్న, బండి బరువు సుమారు 650 కిలోలు మాత్రమే యగుటచేత. అంబాసిడరు ఒక టన్నుకు మించినది. చిన్న యెడ్లను తేలికబండికి కట్టినట్లన్నమాట. ఇంకొక సంగతి కూడ కలదు. యంత్రము బరువు లాగు పట్టు నిమిషమునకు 2500 చుట్లయొద్దనే హెచ్చుగా నుండును. కావున గట్టిగా అరపించి నడుపవలసిన పని లేదు. ఎక్కుడులో గేరు తగ్గించి నిదానముగా పోనిచ్చిన చాలును. దీనిని గ్రహింపక మూడవ గేరులోనే ఈడ్చుచు, యంత్రము దడదడ కొట్టుకొనుచున్నను కాలు నొక్కి పట్టువారిని మేము చూచితిమి.

మూడు సిలిండర్ల యంత్రమునకు సహజమైన లక్షణమొకటి వణకు. మన పల్లెలలో ముగ్గురు స్త్రీలు ఒక్క రోటిలో దంపుట చూడనివారుండరు. ఒకరి రోకలి పడుచుండగా నింకొకరిది లేచుచుండును. ఇక్కడను అట్లే. ప్రతి పిస్టను పీల్చుట, అదుముట, మండుట, వెడలగొట్టుట అను నాలుగు పనులు రెండు చుట్లలో ముగించును. ఆ రెండు చుట్లలో మూడే పోట్లు పడును. నాలుగు రోకళ్లున్నచోట పోటుకు పోటుకు నడుమ వ్యవధి తక్కువ. మూడే యున్నచోట నెక్కువ. అందుచేతను, మొదటి చివరి పిస్టనుల లాగుడు యంత్రమును రెండు కొనలయందును ఊపుచుండుటచేతను, బండి నిలిచి యున్నప్పుడు సీటు సన్నగా అదరును. అది జబ్బు కాదు, పుట్టుమచ్చ వంటిది. కాని నిన్నటివరకు లేని అదురు నేడు వచ్చినచో రెండు కారణములు వెదుకవలెను. యంత్రమును పట్టియుంచు రబ్బరు దిమ్మలు చీలియైన నుండవలెను; మూడు రోకళ్లలో నొకటి పడుటయైన మానియుండవలెను. రెండవదైనచో బండికి బలము తగ్గి, ఎక్కుడులో మూలుగును.

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తుము. ఈ యంత్రము తనంతట తాను చచ్చుట అరుదు. దీనిని చంపునది వేడి.

మండిన పెట్రోలు శక్తిలో చక్రములకు చేరునది సుమారు నాలుగింట నొక వంతు. తక్కినదంతయు వేడియై కొంత పొగగొట్టముగుండ పోవును, కొంత యంత్రము చుట్టును తిరుగు నీటిలో దిగును. ఆ నీటిని ఒక పంపు త్రిప్పును. ముందున్న రేడియేటరు చల్లార్చును. బండి పరుగిడునప్పుడు గాలి తానే తగులును. నిలిచియున్నప్పుడు విద్యుత్తుతో తిరుగు ఫాను దిక్కు. యంత్రపు మొండెము ఇనుముతోను, పైనున్న తల అల్యూమినియముతోను చేయబడినవి. అల్యూమినియము అంతే వేడికి ఇనుముకంటె రెండింతలు వ్యాకోచించును. ఈ రెంటి నడుమ గాస్కెట్టు అను పలుచని పొర యుండును. వేడి హద్దు మీరినచో తల వంకరపోవును, పొర కాలిపోవును. నీరు, చమురు, పొగ తమతమ త్రోవలు విడిచి యొకదానిలో నొకటి చొరబడును.

2006 మే నెలలో నొకనాటి మధ్యాహ్నము మేము గుంటూరునుండి నరసరావుపేటకు కారు నడుపుకొని పోవుచుంటిమి. అంతకు నాలుగు దినముల క్రిందట నొక షెడ్డులో రేడియేటరు విప్పించి శుభ్రము చేయించితిమి గావున నిశ్చింతగా నుంటిమి. దారిలో రైలుగేటు పడినది. చల్లగాలి యంత్రము వేసికొని, ఇంజను ఆపక, చాలసేపు నిలిచితిమి. వేడిని చూపు సూది మెల్లగా లేచి ఎఱ్ఱగీటును తాకినది. గేటు లేచినంతనే గాలి తగిలి తగ్గునని తలచి ముందుకు పోయితిమి. ఊరికి నింక ఆరేడు కిలోమీటర్లే గదా! కొంతదూరము పోవునప్పటికి సూది హఠాత్తుగా క్రిందికి పడిపోయెను. మేము సంతోషించితిమి. తరువాత రెండు కిలోమీటర్లు పోవక మునుపే బండి బలముడిగి, గరగరమని శబ్దము చేసి, తుమ్మచెట్ల మధ్య నిలిచిపోయెను.

లాగించుకొని పోయిన మొదటి షెడ్డులో యంత్రమంతయు విప్పి, సిలిండర్లు తొలిపించి, మూడు పిస్టనులును మార్చవలెనని 16,000 రూపాయ లడిగిరి. మాకు తెలిసినది శూన్యము. సరేయని తల యూపబోవుచుండగా మా బంధువొకరు వారించి, వేఱొక ముసలి మెకానిక్కునకు చూపించిరి. అతడు ముందుగా యంత్రమును ముట్టలేదు. ఫానువద్దకు పోయి వంగి చూచి, తీగకొనను పైకెత్తి చూపెను. రేడియేటరు శుభ్రము చేసినవారు దానిని తిరిగి తగిలించుట మఱచిరి! "సూది పడిపోయినప్పుడు ఎందుకు ఆపలేదమ్మా? నీళ్లన్నీ ఆవిరైపోయాయి. సూదికి తగలడానికి నీళ్లే లేవు, ఇక వేడెక్కడ చూపిస్తుంది?" అనెను. సిలిండర్లు చెడలేదు. తల విప్పి సమముగా చెక్కించి, క్రొత్త గాస్కెట్టు వేసి, 4,500 రూపాయలు పుచ్చుకొనెను. ఆ తరువాత నా బండిని మేము మఱి యాఱేండ్లు నడిపితిమి.

తీగ తగిలింపనిది షెడ్డువారి తప్పు. ఎఱ్ఱగీటు చూచియు నాపనిది మా తప్పు. సూది సగమునకు మించినప్పుడే చల్లగాలి యంత్రమును కట్టివేయవలెను. కారులో వేడిగాలి యేర్పాటున్నచో దానిని పూర్తిగా తెఱచినచో, మనము చెమటతో తడిసినను, యంత్రపు వేడి కొంత లోపలికి వచ్చి యంత్రము బ్రదుకును. అప్పటికిని సూది దిగకున్న నిలిపి, ఇంజను ఆపి, మూత యెత్తి, అరగంటకు తక్కువకాకుండ కూర్చుండవలెను. రేడియేటరు బిరడాను మాత్రము వేడిమీద త్రిప్పరాదు. అదియును ప్రెషరు కుక్కరే. ఆవిరి పోక ముందు కుక్కరు మూత లాగువారు మనలో నుందురా? ఆరిన తరువాత గుడ్డ వేసి మెల్లగా త్రిప్పి నీరు పోయవలెను. కాగియున్న యంత్రమునందు చన్నీళ్లు గుమ్మరించినచో లోహము పగులును.

ఎప్పుడు వేడెక్కినదో గుర్తుంచుకొన్నచో కారణము సగము తెలియును. ఊరిలో నిలిచినప్పుడు లేచి, బయట పరుగులో దిగినచో ఫానునో, దాని మీటనో, తీగనో చూడవలెను. పరుగులోనే లేచుచున్నచో నీరు తక్కువైయుండును, లేక రేడియేటరు పూడియుండును, లేక నీటిని విడుచు థర్మోస్టాటు మూసికొని యుండును. ఈ యొక్క ముక్క మెకానిక్కుతో చెప్పగలిగినచో అతడు మనతో మాటలాడు తీరే మాఱును. నీటికి బదులు పోయు కూలెంటు అను రంగుద్రవము మాత్రము విషము; రుచికి తియ్యగా నుండును గనుక, బిడ్డలకును ఇంటి కుక్కకును అందకుండ దాచవలెను.

వేడి తరువాత చమురు. యంత్రములో పట్టునది సుమారు 3 లీటర్లు. ఇంత కొద్దిపాటి చమురులో నొక లీటరు తగ్గినను మూడవవంతు పోయినట్లే. వారమున కొకసారి, బండి సమతలమున నుండగా, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు, కొలతపుల్ల లాగి తుడిచి మరల ముంచి చూడవలెను. రెండు గీటులనడుమ చమురుండవలెను. అది పాలు కలిసిన కాఫీవలె నున్నచో నీరు చేరినదని తెలిసికొనవలెను. పెట్రోలు వాసన కొట్టినచో, పాత కార్బురేటరు బండ్లలో, పెట్రోలుపంపులోని పొర చినిగి యుండవచ్చును. ముందరి పలకమీద ఎఱ్ఱని చమురుదీపము వెలిగినచో, అది చమురు తక్కువైనదని మెల్లగా హెచ్చరించుట కాదు. చమురు ఒత్తిడియే లేదని చెప్పుట. ఆ క్షణముననే ఆపవలెను. ఈ యంత్రములో తలపై మూత అంచునుండియు, డిస్ట్రిబ్యూటరు తగులుచోటినుండియు చమురు చెమర్చుట సామాన్యము. చెమర్చినచో భయము లేదు. నేలమీద బొట్లు పడినచో రబ్బరు చుట్టు మార్పింపవలెను, ఖర్చు స్వల్పము.

పొగరంగును చూచుటయు నేర్చుకొనవలసినదే. నీలిపొగ చమురు మండుటకు గుర్తు. ఉదయము ఇంజను వేసినప్పుడు మాత్రమే కొంచెము వచ్చి ఆగినచో వాల్వుల రబ్బరు ముద్రలు ముదిరినవి. అంతటితో బండి చావదు. ఎల్లప్పుడును వచ్చుచున్నచో పిస్టను చుట్లు అరిగినవి, అది పెద్దపని. నల్లపొగ పెట్రోలు ఎక్కువైనదనియో, గాలి వడపోత పూడినదనియో తెలుపును. చోకు లాగి మరచినను నల్లపొగయే వచ్చును. ఆ పెట్రోలు సిలిండరు గోడల చమురును కడిగివేయును గనుక ఇంజను వెచ్చనైనంతనే చోకు నెట్టివేయవలెను. తెల్లపొగ చలికాలపు ఉదయమున సహజము. ఇంజను కాగిన తరువాతను మానకున్నచో గాస్కెట్టు సంగతి.

వాల్వులను నడుపు కడ్డీని త్రిప్పునది పండ్లుగల రబ్బరు బెల్టు. ఇది ముందుగా శబ్దము చేయదు, పొగ విడువదు. తెగినచో నడిరోడ్డున నున్నపాటున ఇంజను ఆగును. పాతబండి కొన్నవారు ఆ బెల్టును ఎప్పుడు మార్చిరో అమ్మినవారిని తప్పక అడుగవలెను. సమాధానము నమ్మదగినట్లు లేనిచో మార్పించుటయే మేలు. మేమైతే అమ్మినవాని మాట నెప్పుడును నమ్మలేదు.

వానకాలములో బండి కదలనొల్లకున్న దోషము తఱచుగా నిప్పురవ్వయందుండును. డిస్ట్రిబ్యూటరునుండి మూడు ప్లగ్గులకును పోవు లావుపాటి తీగలపై తడి చేరినచో రవ్వ దారితప్పును. ఇంజను ఆపి, పొడిగుడ్డతో తుడిచిన చాలును. నడుచుచున్న ఇంజనులో ఆ తీగలను ముట్టరాదు, గట్టిగా కొట్టును. ఎండకాలములో దీనికి వ్యతిరేకమైన చిక్కు. కార్బురేటరు బండిని ఎండలో నడిపి, పదినిమిషములు ఆపి, మరల వేసినచో నొకప్పుడు పలుకదు. పెట్రోలు గొట్టములోనే ఆవిరియై అడ్డుపడును. మూత యెత్తి నీడలో ఆరనిచ్చినచో తానే బాగుపడును. మాటిమాటికి తాళము త్రిప్పి బ్యాటరీని చంపుకొనుట వ్యర్థము.

నడిపినంతకాలము బాగుగానుండి, నిలిపియుంచిన నెలలలో చెడిన బండ్లను మేము హెచ్చుగా చూచితిమి. పిల్లలు విదేశములకు పోవుటయు, కారు నెలల తరబడి గుడ్డ కప్పుకొని పెరటిలో నుండుటయు ఈ దినములలో సామాన్యమైనది. ఎలుకలకు ఇంజను వెచ్చదనము, తీగల పైతొడుగు రెండును ప్రియమైనవి. బ్యాటరీ దిగిపోవును, కార్బురేటరు సన్నకన్నములలో ఎండిన పెట్రోలు జిగురై పట్టును. వారమున కొకసారి ఇరువది నిమిషములు రోడ్డుమీద తిప్పుట యుత్తమము. నిలిచినచోటనే అయిదు నిమిషములు ఇంజను వేసి కట్టివేయుట మేలుకంటె కీడే చేయును; అందుచేత పుట్టిన నీటిచెమ్మ ఆవిరియై పోవునంత వేడి రాదు.

పాత బండ్లకు క్రొత్తగా వచ్చిన విషయ మొకటి కలదు. మన దేశమున పెట్రోలులో కలుపు ఇథనాలు 2025వ సంవత్సరమునాటికి నూటికి 20 పాళ్లయినది. ఈ యంత్రములు పుట్టినప్పు డట్టి పెట్రోలు లేదు. ఇథనాలు పాతరకపు రబ్బరును ఉబ్బించి మెత్తబఱచును, తడిని పీల్చుకొనును. టాంకునుండి ఇంజనువఱకు వచ్చు రబ్బరు గొట్టములను, పంపుపొరను ఒకసారి క్రొత్తవి వేయించుట మంచిది. వేయించునప్పుడు ఇథనాలునకు తట్టుకొను రకమునే అడుగవలెను. ఆ తరువాతను అప్పుడప్పుడు, ఇంజను చల్లగానుండగా మూత యెత్తి, గొట్టమును వ్రేళ్లతో నొక్కి చూచుచుండవలెను. చిట్లి గీతలు కనబడినను, పిండివలె మెత్తగానున్నను, చేతికి పెట్రోలు వాసన అంటినను, ఆ దినము తాళముచెవి మేకుననే యుంచి మెకానిక్కును ఇంటికి పిలిపింపవలెను.